ఐదు వందల గంటలు

"ఫారం యాడ పెట్టినావు నాయనా?"

హేమలత అడగడం ఇది మూడోసారి. నిన్న సాయంత్రం రెండుసార్లు అడిగింది. అన్నం తినకుండా పడుకుంది. పొద్దున లేచి కసువు ఊడ్చి, కొళాయి నీళ్ళు పట్టి, మళ్ళీ అదే మాట.

నేను గొర్రెలకు వేపమండ కొడుతున్నాను. కొడవలి ఆపలేదు.

"నిన్నే అడుగుతాండేది."

"కాల్చేసినా."

"కాల్చింటే బూడిద ఉండల్ల. పొయ్యి చూసినా. ల్యా."

మందుల చదువు చదివిన పిల్ల. బూడిదను కూడా వెతుకుతుంది.

ఫారం ఇంట్లోనే ఉంది. ఆంజినమ్మ ట్రంకుపెట్టెలో. తాళంచెవి నా మొలతాడుకు ఉంది. నా భార్య పోయిన మూడేళ్ళలో ఆ పెట్టెను ఎవరూ తెరవలేదు. నేనూ తెరవలేదు, మొన్నటి వరకు. మొన్న కూడా మూత జానెడు ఎత్తి కాగితం లోపలికి తోశాను, అంతే. లోపలికి చూడలేదు. చూస్తే ఆమె చీరలు కనిపిస్తాయి.

హేమలత కళ్ళు ఒకసారి నా నడుము వైపు వెళ్ళి వెనక్కి వచ్చాయి.

"ఎనిమిది గంటల బస్సెక్కి కదిరికి పోతాండావనుకొన్నా," అన్నాను. "పెద్దాసుపత్రిలో నేర్చుకుంటాండావనుకొన్నా. మూడు నెలలు. నువ్వు ముదిగుబ్బలోనే దిగి ఆ ముత్యాలప్ప అంగడికి పోతాంటివి."

"ఆసుపత్రుల్లో మా బ్యాచికి జాగా ల్యా. అప్పుడే చెప్పినా నీకు."

"జాగా లేకుంటే ఇంట్లో ఉండల్ల."

"ఇంట్లో ఉంటే గంటలు రావు నాయనా. రెండేండ్లు చదివితే చాలదు. ఐదు వందల గంటలు ఆసుపత్రిలోనో మందులంగట్లోనో నిలబడి పని నేర్చుకోవల్ల. రిజిస్టరైన ఫార్మసిస్టు చూసి సంతకం పెట్టల్ల. ఆ ఫారం లేకుంటే ఫార్మసీ కౌన్సిల్లో నా పేరు ఎక్కదు. పేరు ఎక్కకుంటే నేను మాత్ర ముట్టుకోకూడదు."

"ముట్టుకోకుండా శానామంది బతుకుతాండారు."

"ముట్టుకోకూడనోళ్ళు ముట్టుకొని శానామంది చస్తాండారు. దానికే గదా నేను చదివింది."

ఒక పొట్టేలు మండ కోసం నా మోచేతిని తోసింది. దాని మూతి మీద ఒక్కటి ఇచ్చాను. దానికి తప్పేమీ లేదు.

ముత్యాలప్ప మందులంగడి మాత్ర మింగి నా భార్య చనిపోయింది. చక్కెర జబ్బుకు వేసుకునే మాత్ర. డాక్టరు రాసింది ఒకటి పవరు. వచ్చింది నాలుగు. ఆ రోజు శనివారం. ఆంజినమ్మకు శనివారం ఒక్కపొద్దు. పొద్దున మాత్ర మింగి, చెంబెడు మజ్జిగ తాగి, విత్తనాలకు చెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. పదకొండు గంటలకు గోడకు ఒరిగింది. నిద్ర అనుకున్నాను. లేపలేదు. ఆసుపత్రిలో వాళ్ళు చక్కెర పడిపోయిందని చెప్పేసరికి చెప్పించుకోవాల్సిన మనిషి లేదు.

ఆ అంగడి గోడ మీద ఒక పటం ఉంటుంది. శ్రీకాంత్ అనే ఫార్మసిస్టు సర్టిఫికెట్టు, అద్దం కట్టి. మూలన ఫోటో, మీసాలు సరిగా రాని వయసులో తీసింది. అతడు బెంగుళూరులో కార్ల షోరూములో పని చేస్తాడు. అంగడి కాగితాలు కొత్తగా రాయించుకునేటప్పుడు ఏడాదికి ఒకసారి వస్తాడు. పటం మాత్రం రోజూ డ్యూటీలో ఉంటుంది. నా ఇంట్లోనూ ఒక పటం ఉంది, ఆంజినమ్మది. ఇంట్లోదానికి దండ ఉంది, అంగట్లోదానికి లేదు. తేడా అంతే.

"ముత్యాలప్ప మామ దగ్గర ఎందుకు నేర్చుకొన్న్యానో అడగవా?" అంది హేమలత.

"మామ ఎప్పుడైనాడు నీకు?"

"మూడు నెలలు తన అన్నం క్యారీర్లో సగం నాకు పెట్టినాక అయినాడు."

"మీ అమ్మను మింగినోడు సంగటి పెడితే తిన్న్యావు."

ఆ మాట తగిలింది. ముఖం అటు తిప్పుకుంది. నేను కావాలనే అన్నాను. తగలాలనే అన్నాను.

అటు చూస్తూనే నెమ్మదిగా అంది. "అమ్మకు మాత్ర ఎట్ల మారిందో చూడాలని పోయినా. అంగడి ముందర నిలబడి కాదు. లోపల నిలబడి."

"చూసినావా?"

"చూసినా. రోజుకు ఇరవై మంది, ముప్పై మంది చీటీ లేకుండా వస్తారు. చేతిలో మాత్రల అట్టముక్క ఉంటాది. నాలుగు మాత్రలు కావాలంటే అట్టను కత్తెరతో కోసి ఇస్తారు గదా. పేరు ఒక ముక్కకు పోతాది. పవరు ఇంగో ముక్కకు పోతాది. ఇంట్లో మిగిలింది తెచ్చి, 'ఇదే ఇయ్యప్పా, రోజారంగుది' అంటారు. ఒక కంపెనీకి రోజారంగు అంటే ఒకటి పవరు. ఇంగో కంపెనీకి అదే రంగు నాలుగు."

నా చేతిలో కొడవలి ఆగింది. ఆగినట్టు ఆమెకు తెలియకూడదని మళ్ళీ కొట్టాను.

"రంగు చూసి ఇచ్చేస్తాడు ఆయప్ప. అంతే గదా," అన్నాను.

"ఇయ్యడు. చీటీ అడుగుతాడు. లేకుంటే ఇంటికి పోయి తెమ్మంటాడు. తిట్టిచ్చుకుంటాడు. మాత్రలు ఇచ్చినాక డాక్టరు చీటీ మీద అంగడి ముద్ర కొట్టి తారీకు ఏస్తాడు. మొదటి దినం నాకు నేర్పిచ్చింది ఆ ముద్ర కొట్టేదే."

"మీ అమ్మను సంపినాక నేర్చుకొన్న్యాడులే."

"అంతకు ముందు నుంచీ ఉండాది. ముసిలోళ్ళు పాత చీటీలు తెస్తారు. ఏడేండ్లవి, ఎనిమిదేండ్లవి. అన్నిటి మీదా ముద్రలుండాయి." ఆగింది. "నువ్వు చెప్పిన ముత్యాలప్పను మూడు నెలలు ఎతికినా నాయనా. ఆ మనిషి ఆడ ల్యాడు."

"ఒక్కసారి ఏమారింటాడు. నీకు ఎంతమంది అమ్మలుండారు? ఒక్కసారి చాలు."

ఆమె ఇంకేదో అడగబోయింది. పక్కింటి గోడ మీద నుంచి మా అక్క బయమ్మ తల కనిపించింది. ఎంతసేపటి నుంచి ఉందో.

"పొయ్యి ముట్టియ్యల్యా ఇంగా?" అంది. "తండ్రీకూతుర్ల మాదిరి ల్యారే మీరు. పొలంగట్టు కాడ దాయాదుల మాదిరి ఉండారు."

"నువ్వు నీ పని చూసుకో అక్కా."

"నా పని ఇదే. ఇంగ నాకు టీవీ ఎందుకు?"

చుట్టూ తిరిగి వచ్చింది. చేతిలో గిన్నె. సంగటి, ఊరుబిండి పచ్చడి. హేమలత ముందర పెట్టింది. నా ముందర పెట్టలేదు.

"తినమ్మే. వాడు కోపం తిని బతుకుతాడు, నువ్వు బతకలేవు."

"ఆకలి ల్యా అత్తా."

"ఆ తాళంచెవి వాని మొలతాడుకే ఉండాది," అంది అక్క, నేను అక్కడ లేనట్టు. "ఇద్దరం పట్టుకుంటే ఊడబెరకచ్చు. ఏమంటావు?"

హేమలత నవ్వబోయి నా ముఖం చూసి మానేసింది. ఈ ఇంట్లో నవ్వు అలాగే సగంలో చచ్చిపోతుంది. ఆంజినమ్మ ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు. అప్పుడు కూడా నేను ఇలాగే ఉండేవాణ్ణి. ఆమె మాత్రం లెక్కచేయకుండా నవ్వేది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక వాకిలి ముందర మోపెడ్ ఆగింది.

చూడకుండానే ఎవరో తెలిసింది. హేమలత లేచి నిలబడింది. అక్క కొంగు సర్దుకుంది.

ముత్యాలప్ప లోపలికి రాలేదు. వీధిలోనే, వేప నీడ కూడా దొరకని చోట నిలబడ్డాడు. మూడేళ్ళ కిందట ఆంజినమ్మ పాడె ఎత్తే ముందు ఒకసారి వచ్చాడు. నేను చెప్పు విసిరాను. చెవికి తగిలింది. మళ్ళీ రాలేదు.

జుట్టు తెల్లబడింది. చొక్కా జేబులో పెన్ను, కత్తెర. అంగడి నుంచి అలాగే వచ్చేసినట్టున్నాడు.

"రాకూడదని తెలుసన్నా," అన్నాడు. "తప్పల్యా."

"ఆడి నుంచే మాట్లాడు."

"శ్రీకాంత్ వచ్చినాడు బెంగుళూరు నుంచి. అంగట్లో ఉండాడు. నాలుగు గంటల బస్సుకు పోతాడు. మళ్ళా ఏడాదికి గానీ రాడు. ఈ పొద్దు పాప ఫారం మీద సంతకం పడకుంటే ఆ మూడు నెలలూ మన్నైపోతాయి. మొదటి గంట నుంచి మళ్ళా మొదలుపెట్టల్ల."

"పాప మూడు నెలలు యాడుండింది?"

"నా అంగట్లో."

"వాడు యాడుండినాడు?"

"బెంగుళూరులో."

"చూడనోడు సంతకం ఎట్ల పెడతాడప్పా?"

"పెడతాడు," అన్నాడు ముత్యాలప్ప. తల దించుకున్నాడు.

"నువ్వు చూసినావు గదా. నువ్వు పెట్టు."

అతడు నవ్వాడు. సంతోషం లేని నవ్వు. "నేను పెడితే చెల్లదన్నా. పదో తరగతి తప్పినోణ్ణి. పదేండ్లు కాంపౌండరు కింద పనిచేసినా. పదహారేండ్లు ఈ అంగట్లో. ఏ మాత్ర ఎవరికి పడదో మండలంలో సగం మందిది నోటికి చెప్తా. ఐదు వందల గంటలు కాదు గదా, ఐదు నిమిషాలకు కూడా నా సంతకం పనికిరాదు."

"నా పెండ్లాన్ని సంపేదానికి పనికొచ్చింది గదా నీ చెయ్యి."

"నల్లప్పా!" అంది అక్క.

వీధిలో ఎవరో సైకిలు దిగి, మమ్మల్ని చూసి మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయారు. ముత్యాలప్ప చెమట తుడుచుకున్నాడు. చెవి మీద పాత గీత కనిపించింది. నా చెప్పుదే అయి ఉండాలి.

"ఆ పొద్దు అన్నా..." అన్నాడు.

హేమలత వైపు చూశాడు. ఆగిపోయాడు.

"ఆ పొద్దు?" అంది హేమలత.

"ఏం ల్యా పాపా."

ఏమీ లేకపోవడం కాదు. ఏముందో అతనికి తెలుసు. నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

"ఊరికే చేస్తాండావా ఇదంతా?" అన్నాను. గొంతు పెద్దదైంది. "నీకేం మిగులుతాది?"

"ఊరికే కాదన్నా. అబద్ధం ఎందుకు? పాప పేరు కౌన్సిల్లో ఎక్కితే, శ్రీకాంత్ పటం దించి పాప పటం పెట్టుకుంటానని అడిగినా."

"నేను కూర్చుంటేనే పటం అని చెప్పినా," అంది హేమలత. "పటం ఒక్కటే కూర్చునేది వద్దని చెప్పినా. సరే అన్న్యాడు."

"సరే అన్న్యా," అన్నాడు ముత్యాలప్ప. "ఇరవై ఆరేండ్ల నుంచి దొంగ మాదిరి ఇస్తాండా మాత్రలు. తలుపు కాడ కొత్త చొక్కా కనపడితే డ్రగ్ ఇన్‌స్పెక్టరేమో అని గుండె జారుతాది. నా అంగట్లో నిజంగా ఫార్మసిస్టు ఉండే దినం ఒకటి చూడల్లని ఉండాది. అంతే."

అతడు తిట్టి ఉంటే బాగుండేది. ఆ పొద్దు సంగతి నలుగురిలో చెప్పి ఉంటే బాగుండేది. చెప్పకుండా ఎండలో నిలబడ్డాడు. నా కూతురి ముందర నన్ను కాపాడుతూ నిలబడ్డాడు. అది నేను ఓర్చుకోలేకపోయాను.

మొలతాడు నుంచి తాళంచెవి లాగాను. తెగింది. వాకిట్లోకి విసిరాను.

"తీసుకొని పో. పోయి వాని గోడకు యాలాడు."

హేమలత వంగి తాళంచెవి ఏరుకుంది. దుమ్ము తుడిచింది. లోపలికి వెళ్ళింది.

పెట్టె మూత కిర్రుమంది. ఆ శబ్దం నేను మరిచిపోయాను. ఆంజినమ్మ పండగ చీర తీసేటప్పుడు వినేవాణ్ణి. కలరా ఉండల వాసన గడప దాకా వచ్చింది.

ఫారం పైనే ఉండాలి. తీసుకుని రావడానికి ఒక నిమిషం. ఆమె రాలేదు. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. ముత్యాలప్ప రెండుసార్లు వాచీ చూసుకున్నాడు.

"ఏమ్మే, చీరలు కట్టి చూసుకుంటాండావా?" అని అక్క కేకేసింది.

హేమలత బయటికి వచ్చింది. ఒక చేతిలో ఫారం. ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆంజినమ్మ మాత్రల కవరు.

ఆ పెట్టె సర్దింది నేను కాదు. ఆ రోజు అక్క సర్దింది. చేతికి దొరికినవన్నీ పెట్టి మూత వేసింది. కవరు అందులో ఉందని నాకు తెలియదు. ఎక్కడో పారేశారనుకుని మూడేళ్ళు నిశ్చింతగా ఉన్నాను.

హేమలత అరుగు మీద కూర్చుంది. కవరులోంచి ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టింది. అంగట్లో పెట్టినట్టు, వరుసగా. మడతలు చిరిగిన డాక్టరు చీటీ. నాలుగు పవరు అట్ట, ఒక గుంట మాత్రం ఖాళీ. వేలెడంత పాత అట్టముక్క.

"నాయనా, ఇటు రా."

"ఆడి నుంచే చెప్పు."

"ఈ పాత ముక్క మీద పేరు ల్యా. పవరు ల్యా. రంగు ఒక్కటే ఉండాది." చీటీ విప్పింది. "ఇది అమ్మ చీటీ. మార్చి పన్నెండు, ముద్ర ఉండాది. ఏప్రిల్ పది, ఉండాది. మే పద్నాలుగు, ఉండాది. జూన్‌ది ల్యా."

ఆంజినమ్మ పోయింది జూన్‌లో.

"చీటీ చూపిచ్చినా తప్పు మాత్ర ఇచ్చినాడని చెప్పినావు," అంది హేమలత. "నాకు చెప్పినావు. అత్తకు చెప్పినావు. బస్టాండులో నిలబడి ఊరికంతా చెప్పినావు. చూపిచ్చింటే ఈడ ముద్ర పడల్ల."

ఇప్పుడు చెప్పాలి. ఆ శుక్రవారం ముదిగుబ్బకు వెళ్ళాను. చీటీ ఇంట్లో మరిచిపోయాను. జేబులో అట్టముక్క ఉంది. ముత్యాలప్ప చీటీ అడిగాడు. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాడు. రంగు చూసి ఇవ్వలేను, పొద్దున తెచ్చుకోమన్నాడు. బస్సు హారన్ కొడుతోంది. బస్సు ఎక్కబోయే పరాయి ఊరివాళ్ళు నలుగురు చూస్తున్నారు. రంగు కనపడలేదా నీకు, కండ్లు పోయినాయా, ఇన్నేళ్ళు ఏం అమ్ముతున్నావని అరిచాను. మందులంగడి పెట్టుకుని మనిషిని తిప్పుకుంటావా అని అరిచాను. అతడు ఇచ్చాడు. ఇవ్వడం అతని తప్పు. అది ఇప్పుడూ అంటాను, చచ్చేదాకా అంటాను. మిగతాది ఎవరికీ చెప్పలేదు.

"ఎవరు తెచ్చినారు నాయనా ఈ మాత్రలు? నువ్వే గదా?"

నేను ముత్యాలప్ప వైపు చూశాను. ఎందుకు చూశానో తెలియదు.

అతడు వీధిలోంచి ఒక అడుగు ముందుకు వేశాడు. వాకిట్లోకి. మూడేళ్ళలో మొదటిసారి.

"పాపా, ఆ పొద్దు ముద్ర కొట్టేది నేనే మర్చిపోయినా," అన్నాడు. "సంత దినం. జనం ఎక్కువుండ్రి. మీ నాయన చీటీ చూపిచ్చినాడు. నేనే సరిగా చూడల్యా. లే, టైమైతాంది."

ఎంత సులువుగా అన్నాడో. నా మూడేళ్ళ మాటను నాకంటే బాగా చెప్పాడు.

హేమలత అతణ్ణి చూడలేదు. నన్నే చూస్తూ ఉంది.

"మామ మర్చిపోయినాడా నాయనా?"

ఆమె కళ్ళు ఆంజినమ్మవి కావు. నావి. అందుకే వాటికి అబద్ధం చెప్పడం కష్టం.

"ఆయప్పే చెప్తాండాడు గదా," అన్నాను.

"నిన్ను అడుగుతాండా."

"మర్చిపోయినాడు. అంతే. ఇంగ లే."

ఆమె తల ఊపింది. కోపం లేదు. ఏడవలేదు. అంగట్లో కొనుక్కునే మనిషి చెప్పింది విని తల ఊపినట్టు ఊపింది. అక్క నా వైపు చూసి, చూపు తిప్పుకుని, గిన్నె మీద మూత పెట్టింది.

"మామా, పెన్ను ఇయ్యి," అంది హేమలత.

ముత్యాలప్ప జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. ఆమె ఫారాన్ని తొడ మీద పెట్టుకుని ఏదో రాసింది. ఒకచోట గట్టిగా గీత గీసింది. పేజీ తిప్పి మళ్ళీ రాసింది. సంతకాలు పెడుతోంది అనుకున్నాను. నా మనసు కొంచెం కుదుటపడింది. పిల్ల కదా, అవసరం దానిది. వెళ్తుంది. సాయంత్రం వస్తుంది. వచ్చాక సంగటి కెలుకుతుంది. రేపటికి మామూలవుతుంది.

"బండెక్కు పాపా," అన్నాడు ముత్యాలప్ప. "పావుగంటలో పోతాము."

"బస్సుకు పోతా. నువ్వు పద."

చెప్పులు వేసుకుంది. చున్నీ తలకు చుట్టుకుంది. వాకిలి దాటేటప్పుడు ఎప్పుడూ 'పోయొస్తా నాయనా' అంటుంది. అన్నం మీద కోపమున్న రోజు కూడా అంటుంది. నేను వినడానికి సిద్ధంగా ఉన్నాను.

అనలేదు.

మా వాకిట్లో నిలబడితే బస్సు స్టేజీ కనిపిస్తుంది. రోడ్డుకు ఇవతల రేకుల షెడ్డు. ముదిగుబ్బకు, కదిరికి వెళ్ళేవాళ్ళు అక్కడ నిలబడతారు. మూడు నెలలు రోజూ ఎనిమిది గంటలకు ఆమె అక్కడ నిలబడటం చూశాను. ఎక్కడ దిగుతుందో మాత్రం చూడలేదు.

హేమలత షెడ్డు దాకా నడిచింది. ఆగలేదు. రోడ్డు దాటింది. అవతలి పక్క, నీడ లేని మైలురాయి దగ్గర నిలబడింది.

"అనంతపురం బస్సు గదా ఆ పక్కకు వచ్చేది?" అంది అక్క.

"ఆడ ఏముండాది పాపకు?" అన్నాడు ముత్యాలప్ప.

"హాస్టల్లో సావాసగత్తెలుండారు," అంది అక్క.

ముత్యాలప్ప చాలా తగ్గు గొంతుతో అన్నాడు. "డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఆఫీసు కూడా ఆడే ఉండాది."

నేను పరుగెత్తి ఉండాల్సింది. వాకిలి నుంచి రోడ్డుకు రెండు వందల అడుగులు. కాళ్ళున్నాయి. ఏం చెప్పాలో కూడా తెలుసు. మూడే మాటలు. ఆయప్ప చీటీ అడిగినాడు. నేను మోపెడ్ హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాను, ఎండకు కాలిన ఇనుము చేతిని కాలుస్తున్నా.

బస్సు వచ్చింది. ఆగింది. కదిలాక మైలురాయి ఒక్కటే ఉంది.

"రేయ్," అంది అక్క వెనక నుంచి. "కాగితం ఈడే పెట్టి పోయింది పాప."

అరుగు మీద, పాత అట్టముక్క పక్కన, ఫారం ఉంది. గాలికి ఎగరకుండా నా తాళంచెవి దాని మీద పెట్టి ఉంది. నాలుగు పవరు అట్ట లేదు. చీటీ లేదు.

ముత్యాలప్ప ఫారం అందుకున్నాడు. మొదటి పేజీ చూశాడు. రెండోది చూశాడు. మళ్ళీ మొదటి పేజీకి వచ్చాడు.

"ఏముండాదప్పా?"

నా చేతికి ఇచ్చాడు. ఇంగ్లీషు నాకు కూడబలుక్కునేంత వరకే వస్తుంది. కానీ ఆమె కొత్తగా రాసిన మాటలు తెలుగులో ఉన్నాయి. పెద్ద అక్షరాలతో. నేను చదవాలనే.

శిక్షణ ఇచ్చిన ఫార్మసిస్టు అన్నచోట శ్రీకాంత్ పేరు మీద గట్టిగా గీత ఉంది. కింద రాసింది: ముత్యాలప్ప.

రిజిస్టరు నంబరు అన్నచోట: లేదు.

గంటలు ఐదు వందలు అలాగే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు.

"ఇంగ దీని మీద శ్రీకాంత్ సంతకం పెట్టడు," అన్నాడు ముత్యాలప్ప. "కౌన్సిలు తీసుకోదు. పాప మూడు నెలలు తనే కొట్టేసుకొనింది." మళ్ళీ కాగితం అడిగి తీసుకున్నాడు. తన పేరు ఉన్నచోట బొటనవేలు పెట్టబోయి, వేలికి చెమట ఉందని చొక్కాకు తుడుచుకున్నాడు. "ఇట్లాంటి కాగితం మీద నా పేరు ఎక్కేది ఇదే మొదటిసారన్నా."

"అబద్ధం ఎందుకు చెప్పినావు?" అన్నాను. మూడేళ్ళలో అతణ్ణి తిట్టకుండా అడిగిన మొదటి మాట అది.

"నీ కోసరం చెప్పల్యా. పాప లేచి సంతకానికి వస్తాదని చెప్పినా." మోపెడ్ స్టాండు తీశాడు. "అబద్ధమని పాపకు తెలుసన్నా. నేను ముద్ర మర్చిపోనని పాపకు తెలుసు. నువ్వేం చెప్తావో చూడాలని అడిగింది."

ఫారం నా చేతిలో పెట్టి అతడు వెళ్ళిపోయాడు. అక్క గిన్నె తీసుకుని గోడ అవతలికి వెళ్ళిపోయింది. సంగటి కావాలా అని ఆమె అడగలేదు, నేను కూడా అడగలేదు. గొర్రెలు ఖాళీ మండలు నములుతున్నాయి. ఇంట్లో పెట్టె మూత తెరిచే ఉంది.

ఫారం మొదటి పేజీలో ఇంకో గడి ఉంది. ఎవరి కూతురు అన్న చోటు. మూడు నెలల కిందట ఇంగ్లీషులో రాసిన నా పేరు అక్కడ ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. నా పేరే.

దాన్ని కొట్టేయలేదు.

నేనే కొట్టేద్దామని అరుగంతా వెతికాను. అరుగు కింద చూశాను. పెన్ను మాత్రం లేదు. తీసుకుపోయింది.